వాపూ బలుపూ

ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోమన్నారు గనక చెవులమ్మకి కిటికీ కనపడదు. గోడ కనపడుతుంది, గోడ పక్కన మిషన్, మిషన్‌లోంచి ఆగకుండా జారి నేలమీద మడతలు పడుతున్న కాగితం. పొట్ట చుట్టూ రెండు పట్టీలు, పైదాని కింద బిగింపులు, కిందిదాని కింద బిడ్డ గుండె. ఆ గుండె చప్పుడే గదంతా, ఎవరో తడిబట్టని బండమీద వేసి తొందర తొందరగా బాదుతున్నట్టు. ఎక్కడ తప్పుతుందోనని వింటోంది. తప్పడం లేదు. అయినా వింటోంది. వినడమే ఆమె పని మరి. ఇదే ఆసుపత్రిలో కింది అంతస్తులో, గోడలకి మెత్తటి పలకలు అంటించిన ఓ ఇరుకు గదిలో, పుట్టిన పిల్లలకి చెవులు పనిచేస్తున్నాయో లేదో చూసి చెబుతుంది. అందుకే పెద్ద డాక్టరమ్మ దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరి నోటా ఆమె చెవులమ్మే, అసలు పేరు పిలిస్తే తనే ఒక క్షణం ఆలోచించుకోవాలి. పొద్దున పనికని వచ్చింది. ఎవరి బిడ్డకో పరీక్ష చేస్తూ చేస్తూ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పొట్ట రాయి కట్టింది, వదిలింది, మళ్ళీ కట్టింది. ఏడో నెల ఇంకా నిండలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి తెల్లకోటు విప్పేసి, వెనక ముళ్ళు వేసే గౌను తొడుక్కుని పేషెంటై పైకొచ్చింది. నొప్పులు ఆపే మందు ఇచ్చి, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి ఒక సూది వేశారు. రెండోది రేపు ఇదే వేళకి. ఆపరేషన్‌కి వెళ్ళబోతూ డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి, గంటసేపు చూద్దామమ్మా, బిగింపులు సద్దుమణిగితే రేపటి సూదికి అందుకుంటాం, అంది. సద్దుమణక్కపోతే ఏమిటో చెప్పలేదు.

ఉండు. ఉండమ్మా ఉండు. ఆడో మగో తెలీదు కాబట్టి అమ్మా అంటోంది, నాన్నా అంటోంది, నోట్లో అనడం కాదు, కడుపులోకి అంటోంది. రేపటి దాకా ఉండు, రేపు అయ్యాక ఎల్లుండి దాకా ఉండు, అలా ఒక్కొక్క రోజే అడుగుతాను, ఎక్కువ అడగను. చేతికి ఎక్కుతున్న సెలైన్‌లో ఏదో మందు కలిపారు, బిడ్డ మెదడుకి కాపుదల అన్నారు, ఎక్కేటప్పుడు ఒళ్ళు మండుతుంది కంగారు పడకండి చెవుల మేడం అని నర్సు ముందే చెప్పింది. మండుతోంది. మెడ దగ్గర మొదలై చెంపలు, చెవి తమ్మెలు, భుజాలు, కుంపటి దగ్గర కూర్చున్నట్టు. పక్క స్థలంలో ఏదో కట్టడం కడుతున్నారు, డ్రిల్లు మిషన్ గోడలోంచి పంటి నరం మీదకి వచ్చి ఆగుతోంది. సెగ. ఇన్నాళ్ళూ ఒంటి లోపల ఉందని డాక్టరమ్మ చెబుతూ వచ్చిన సెగ ఇదేనా, ఇవాళ్టికి బయటపడిందా అనిపించి, కాదు మందు, మందేనని తనకి తనే సర్దిచెప్పుకుంది. లోపలిది ఎప్పుడూ ఇలా తెలిసేట్టు మండలేదు. అదే దాని కపటం. నొప్పి లేదు, జ్వరం లేదు, ఒక్క పూటైనా పడక వెయ్యలేదు. ఐదో నెలలో రక్తం ఇచ్చినప్పుడు కూడా ల్యాబు అతనితో కబుర్లాడుతూనే ఇచ్చింది. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర క్యారియర్లు విప్పుకున్నవాళ్ళు. అతను గొట్టాన్ని మిషన్‌లో తిప్పి తీసి, వెలుతురుకి పట్టి, ఏం తిన్నావేంటి పొద్దున, అన్నాడు నవ్వుతూ. ఏమీ తినలేదంది, పరగడుపున రమ్మన్నది నువ్వే కదా. అతని నవ్వు ఆగిపోయింది. ఎర్రదనం అడుక్కి దిగాక పైన తేరాల్సిన నీరు తేటగా లేదు, పాలగిన్నె కడిగిన నీళ్ళలా ఉంది. కొవ్వు, అన్నాడు. గొట్టాన్ని అతను స్టాండులో పెట్టాడు, అప్పుడది టిక్కుమన్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో కొవ్వు పెరగడం మామూలే, బిడ్డకి తిండి అదే కదా, కానీ నీకు మామూలు కంటే బాగా ఎక్కువుందమ్మా. దానికి తోడు వాపు పరీక్ష కూడా ఎక్కువ చూపిస్తోంది. ఒళ్ళు లోపల ఎక్కడో దేనితోనో పోరాడుతోందన్నమాట. రెంటిలో ఏదో ఒక్కటే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు, రెండూ చెయ్యి కలిపితే కానుపు ముందుకి జరిగే భయం ఎక్కువ. ఖాయంగా జరుగుతుందని కాదు, దీనివల్లే జరిగిందని రేపు నేనూ చెప్పలేను, కాకపోతే కన్నేసి ఉంచుదాం. పక్కనే అత్తగారున్నారు. ఆవిడ రిటైరైన డ్రిల్లు టీచరు, ఒక్క కేక వేస్తే మైదానం మొత్తం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేదట. ఆవిడ వంగి కోడలి కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశారు. సొట్ట పడలేదు. ఎక్కడుందండీ వాపు, పిల్ల నిక్షేపంలా ఉంటేనూ, అన్నారు డాక్టరమ్మతో. ఇంటికొచ్చాక ఆయన, అంటే చెవులమ్మ మొగుడు, లిఫ్టులు బాగుచేసే మనిషి, విషయం విని చేతులకి అంటిన గ్రీజు కిరోసిన్ గుడ్డతో తుడుచుకుంటూ, వాపు చూసి బలుపనుకోవడమంటే ఇదేనే అమ్మా అన్నాడు, ముగ్గురూ నవ్వారు. ఎందుకు నవ్వారో! సామెతలో వాపు కనీసం కళ్ళకి కనపడుతుంది, కనపడబట్టే బలుపనుకుంటారు. ఇక్కడ చూద్దామంటే వాపే లేదు. బుగ్గలు నిగనిగలాడాయి, జుట్టు ఒత్తయింది, దారిన పోయేవాళ్ళు కూడా కడుపు పండిన కళ అంటే అలా ఉండాలి అన్నారు, ఆ కళ కింద రక్తం పాలనీళ్ళలా తెల్లబడుతోంది.

పళ్ళు తోముకుంటే ఉమ్మిలో ఎర్రజీర. మూడో నెల నుంచీ ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకి చిగుళ్ళు మెత్తబడతాయి లెమ్మని అందరూ అన్నారు, అన్నది నిజమే, అందరికీ మెత్తబడతాయి. వాపు పరీక్ష వచ్చాక పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా పంపారు, ఆయన శుభ్రం చేసి, ఇదొక్కటే అని ఎవరు చెప్పగలరు అన్నాడు. ఎవరూ చెప్పలేరు. చిగుళ్ళలోనా, మాయలోనా, మూత్రంలోనా, లేకపోతే ఎక్కడా కాకుండా ఒళ్ళంతా కొంచెం కొంచెంగా ఉడుకుతోందా. నూనె తగ్గించింది, తీపి మానేసింది, సాయంత్రాలు అత్తగారు ఒకటీ రెండూ అని అడుగులు వేయిస్తూ మేడ మీద నడిపించారు, రెండోసారి పరీక్ష చేస్తే అంకెలు కొద్దిగా దిగాయి, దిగాయని పండగ చేసుకున్నారు. దిగినా అవి దిగాల్సినంత దిగలేదని తెలిసిన మనిషి తనొక్కతే, ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. బిగింపు. వస్తోంది. పైపట్టీ కింద పొట్ట గుండ్రంగా మొనదేలింది, కాగితం మీద ముల్లు కొండెక్కుతోంది, ఉండు, ఉండమ్మా, ఎక్కింది, కొండకొమ్మున కాసేపు నిలబడింది, దిగుతోంది. దిగింది. తడిబట్ట బాదుడు ఆగలేదు. అందాకా నయం.

నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ చెవులు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు. ఇంకా గట్టిపడని మెత్తటి చెవి, గులాబిరేకుని మడిస్తే మడతగానే ఉండిపోయినట్టు, వేలితో మళ్ళీ విప్పాలి. అద్దాలపెట్టెల్లో నెలలకి నెలలు గడిపి, గొట్టాలన్నీ తీసేశాక, ఇంటికి పంపేముందు ఆమె దగ్గరికి తెస్తారు. అప్పటికి తల్లులకి నిద్ర లేక కళ్ళు లోతుకి పోయి ఉంటాయి, అయినా నవ్వుతుంటారు. వినపడుతోందమ్మా, బాగా వినపడుతోంది, అని చెబితే కొందరు ఆమె రెండు చేతులూ పట్టేసుకుంటారు. ఇన్నేళ్ళూ అలాంటి పిల్లల్ని చూసీ చూసీ, ముందే పుట్టినా ఏం కాదు, కాస్త కష్టపడతారంతే, గట్టి పిండాలు అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు పక్కకి ఒత్తిగిలి గోడ చూస్తుంటే తడుతోంది. తన గదికి వచ్చేవాళ్ళు ఇంటికెళ్ళేవాళ్ళే. ఇంటికెళ్ళని వాళ్ళు తన గదికి ఎందుకొస్తారు? వాళ్ళని తన గదికి దిగే మెట్ల మీంచి దించరు, వేరే దారిన తీసుకుపోతారు. ఎంతమందో తెలీదు. పరీక్షకి పేరు రాసి ఉంచాక ఒక్కోసారి పైనుంచి ఫోను వస్తుంది, ఆ పాపది అక్కర్లేదు మేడం అంటారు, సరే అని పెట్టేసి తర్వాతి వాళ్ళని పిలుస్తుంది. సరే అని. ఎన్నిసార్లు అంది అలా సరే అని, టీ తాగుతూ, పక్కవాళ్ళ మాటకి నవ్వుతూ. ఒంటి మంట చల్లారడం లేదు.

తలుపు తోసుకుని అత్తగారొచ్చారు. వాడి ఫోను మోగట్లేదు, లిఫ్టు గుంటలో ఉన్నాడేమో, అక్కడ సిగ్నల్ అందదు, పక్క మనిషికి చెప్పించాను, అన్నారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. మామూలుగా కూర్చుంటే వెన్ను కర్ర మింగినట్టు నిలబడి ఉంటుంది ఆవిడకి, ఇవాళ వంగి ఉంది. ఈ ఆర్నెల్లూ చెవులమ్మకి ఆవిడతో ఒకే ఒక్క పేచీ. బకెట్టు ముట్టుకోనివ్వరు. కుర్చీ జరపనివ్వరు, కూరల సంచీ పట్టనివ్వరు. డాక్టరమ్మ నీళ్ళ బకెట్టు ఎత్తితే ఏం కాదని చెప్పినా వినరు, ఒకసారి చెవులమ్మ సగం బకెట్టు పట్టుకుని వస్తుంటే ఆ పాత మైదానం కేక వేశారు, బకెట్టు జారి గదంతా నీళ్ళయింది. దాని మీద వారం మాటల్లేవు. ఇప్పుడా మనిషి మిషన్ కాగితం వైపు, అర్థం కాని భాషలో ఉత్తరం చూస్తున్నట్టు చూస్తున్నారు.

"వాడికి ముందు ఒకడు పుట్టాడు," అన్నారు.

చెవులమ్మ కదల్లేదు. కదిలితే పట్టీ జారుతుంది.

ఆరో నెల దాటగానేనట. ఆవిడ అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరారు. పొద్దున నీళ్ళు తోడి రెండు బకెట్లు వంటింట్లోకి మోసుకెళ్ళారు, సాయంత్రానికి నొప్పులు. పుట్టాడు, కాసేపు ఉన్నాడు, పోయాడు. బకెట్టు ఎత్తావు గనకే అని ఆవిడ అత్తగారు అన్నారు, వచ్చినవాళ్ళందరూ అదే అన్నారు, కడుపుతో ఉన్నది ఆ మాత్రం జాగ్రత్త పడొద్దూ అని. చెవులమ్మ మావగారు మాత్రం ఏమీ అనలేదట, అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుందట. తర్వాత వాడు కడుపున పడితే తొమ్మిది నెలలూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు. వాడికి ఈ సంగతి తెలీదు. ఎవరితోనూ అనలేదు. ఇదంతా ఆవిడ గోడతో చెబుతున్నట్టు, గొంతు ఎక్కడా పెంచకుండా, హాజరు పిలుస్తున్నట్టు చెప్పుకొచ్చారు. పక్క స్థలంలో డ్రిల్లు మిషన్ ఆగింది.

"ఐదో నెలలో ఆ రిపోర్టు వచ్చాక, నువ్వు బయట కూర్చున్నప్పుడు, డాక్టరమ్మని అడిగాను. ఇలా రక్తంలో ఉండేది, లోపల ఉండేది, ఆ రోజుల్లో కూడా ఉండేదా అని. ఉండేదమ్మా, చూసే దారి లేదంతే, అంది. బకెట్టు వల్ల కాదా అని అడిగాను."

"ఏమంది అత్తయ్యా?"

"కాకపోవచ్చు అంది." ఆవిడ తన అరచేతుల వైపు చూసుకున్నారు. "కాదు అనలేదు. కాకపోవచ్చు అంది. అది కూడా ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు నాతో."

చెవులమ్మ సెలైన్ లేని చెయ్యి చాచింది, అత్తగారు పట్టుకున్నారు. పట్టుకుని, వెంటనే చెయ్యి వెనక్కి తిప్పి మణికట్టు మీద తన వేళ్ళ వీపు ఆనించారు. ఒళ్ళు కాలిపోతోందే పిల్లా, అన్నారు. మందు అత్తయ్యా, నర్సు చెప్పింది, మందుకి అలాగే ఉంటుంది, అంది చెవులమ్మ. అంటూనే ఇంకొకటి వింటోంది. ఎప్పట్నుంచో వింటోంది, అత్తగారు కథ చెబుతున్నప్పుడే మొదలైంది, కథ మధ్యలో వినకూడదన్నట్టు పక్కకి నెట్టింది. తడిబట్ట బాదుడు వేగం పెరిగింది. కొంచెమే. తన బెదురే వింటున్నానేమో అనుకుంది, పక్కన డ్రిల్లు మళ్ళీ మొదలైంది దాని తాళమేమో అనుకుంది. రోజంతా పసిపిల్లల చెవుల్లోకి టిక్కుటిక్కులు పంపే మనిషికి తాళం తెలీదా? తెలుసు. చెప్పేస్తే నిజమైపోతుంది, ఇంకో బిగింపు వచ్చి పోయేదాకా చూద్దాం, ఇంకొక్కటి, ఉండమ్మా ఉండు, ఎందుకంత పరుగు, ఎవరు తరుముతున్నారు నిన్ను అక్కడ? ఆ ప్రశ్న తనలో పుట్టగానే ఒళ్ళు జలదరించింది. నిజంగానే జలదరించింది, మంట మీద మంటగా ఉన్న ఒంట్లోంచి చలి పుట్టుకొచ్చింది, పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. మందు మంట పుట్టిస్తుందని చెప్పారు గానీ వణుకు సంగతి ఎవరూ చెప్పలేదు. మంచం పక్క గంట నొక్కింది.

నర్సు వచ్చింది, థర్మామీటరు పెట్టింది, తీసి చూసి మొహంలో ఏమీ కనపడనీయకుండా మళ్ళీ పెట్టింది. కాగితాన్ని నేలమీంచి ఎత్తి మడత మడతగా వెనక్కి చూసుకుంటూ పోయింది. ఏదో ఒక చోట ఆగి గోటితో గీత గీసింది. ఆ తర్వాత గదిలోకి మనుషులు ఒకరొకరుగా పెరిగారు, డాక్టరమ్మ ఆపరేషన్ టోపీ తియ్యకుండానే వచ్చింది, చేతులు కడుక్కుంది, కాళ్ళు మడవమంది. లోపల పరీక్షించి చూసింది. నిన్నట్నుంచీ ఏమైనా తడి తగిలిందా అని అడిగింది. కొంచెం తగిలింది, ఈ నెలల్లో అందరికీ అంతేలే అనుకున్నాను, అంది చెవులమ్మ. అనుకుంటావు, ఎవరైనా అలాగే అనుకుంటారు, అని డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పి ఆమె తలవైపుకి వచ్చి కూర్చుంది. ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి కూర్చుందంటేనే చెవులమ్మకి సగం అర్థమైంది.

"ఉమ్మనీరు కొద్దికొద్దిగా పోతోంది, వాసన మారింది. నీకు జ్వరం, లోపల బిడ్డ గుండె పరుగు. లోపలికి ఇన్‌ఫెక్షన్ పాకిందమ్మా. ఇంతసేపూ ఉంచాలని చూశాం. ఇక ఉంచితేనే ప్రమాదం. బిడ్డకి ఇప్పుడు లోపలికంటే బయటే నయం."

రేపటి సూది అన్నది చెవులమ్మ. రేపటి దాకా ఆగలేం అంది డాక్టరమ్మ, పడిన ఒక్క సూదీ వృథా పోలేదు, కొంత పనిచేస్తుంది. నొప్పులు ఆపే మందు తీసేశారు. యాంటీబయాటిక్ ఎక్కించారు. మంచాన్ని చక్రాల మీద తిప్పి పక్కగదిలోకి తోస్తుంటే పైకప్పు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి మొహం మీంచి పోయాయి, వాటి కింద చెవులమ్మ మనసులో ఒకే ఒక బెంగ. ఇంతసేపూ ఉండమని బతిమాలాను కదా, అది విని ఉంటే? నా మాట విని గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంటే, కాలుతున్న ఇంట్లో అమ్మ చెప్పిందని తలుపేసుకుని కూర్చున్న పిల్లలా? వద్దు, వద్దమ్మా, నాకు తెలీలేదు. ఉండక్కర్లేదు. రా. నొప్పి వచ్చింది, ఇప్పుడది కాగితం మీద కొండ కాదు, నడుముని రెండుగా విరిచే చెయ్యి, అది వచ్చినప్పుడల్లా ఆమె దాని వెంట వెళ్ళింది, ఆపడానికి ప్రయత్నించలేదు. రా అంటూనే, ఎక్కడికి రమ్మంటున్నాను? ఊపిరి పీల్చుకోవడం రాని చోటికి, చర్మం కూడా సరిగ్గా కట్టకుండా, ఈ దీపాల కిందికి, ఈ చప్పుళ్ళలోకి. అయినా రా. తలాపున అత్తగారు నిలబడి చెమట తుడుస్తున్నారు. ఈసారి ఒకటీ రెండూ అని లెక్క పెట్టలేదు.

ఆడపిల్ల. పెద్దగా కష్టపెట్టలేదు, అంత చిన్నది కష్టపెట్టడానికి ఒళ్ళేదీ. ఏడుపు వినపడలేదు. పిల్లల డాక్టరు, ఇంకా మీసం సరిగ్గా రాని కుర్రాడిలా ఉండే మనిషి, బిడ్డని ఒక మూల బల్ల మీదకి తీసుకుపోయాడు, నలుగురు చుట్టూ మూగారు, వాళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడలేదు. చెవులమ్మ కళ్ళు మూసుకుని విన్నది. గాలి కొడుతున్న సంచీ ఉబ్బడం, అణగడం. ఎవరో మెల్లిగా ఏదో అడగడం. లోహం మీద లోహం. మళ్ళీ సంచీ. తర్వాత ఒక చప్పుడు, ఏడుపు అనలేనిది, తడిసిన తలుపు అంగుళం తెరుచుకున్నట్టు. మళ్ళీ ఇంకోసారి. అత్తగారి చెయ్యి ఆమె నుదుటి మీద బిగుసుకుపోయింది.

అద్దాలపెట్టె ఆమె మంచం పక్కన ఒక్క క్షణం ఆపారు. లోపల పాలిథిన్ కవర్లో చుట్టిన ఎర్రటి కొంచెం, దానికి టోపీ. ముట్టుకోవడానికి టైము లేదన్నారు. పిల్లల డాక్టరు మాస్కు కిందికి లాగి, ఊపిరి తనంతట తను తీసుకుంటోంది, సాయం కావాలి, ఇప్పటికి ఇంతవరకే చెప్పగలను, అన్నాడు. రక్తం పంపాం, ఆ వాపు బిడ్డలోకి ఎంత దిగిందో చూడాలి. అప్పుడే ఆయన వచ్చాడు, గ్రీజు చేతులతో, చెప్పుల మీద ఎవరో తొడిగిన నీలం కవర్లతో, లోపలికి రావచ్చో లేదో తెలీక గుమ్మంలో ఒక కాలు పెట్టి. భార్యనీ పెట్టెనీ మార్చి మార్చి చూశాడు. నీ దగ్గర ఉంటాను అన్నాడు.

"నా దగ్గర మీ అమ్మ ఉంది. దాని దగ్గర ఎవరున్నారు? వెళ్ళు."

అతను ఇంకా నిలబడే ఉంటే ఈసారి వాళ్ళమ్మ అన్నారు, వెళ్ళరా అని. వెళ్ళాడు. పెట్టె చక్రాలు వరండాలో గరగరమంటూ పోయాయి, వాటి వెనక ఆయన అడుగులు, మలుపు దగ్గర రెండూ కలిసిపోయి, లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడుతో తెగిపోయాయి. ఎవరో నర్సు మంచం వెంట తెచ్చిన ఆ మిషన్ స్విచ్చి ఆపేసింది. అత్తగారు దుప్పటి లాగి కాళ్ళ మీద కప్పారు. చెవులమ్మ ఖాళీ పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకుంది, అది ఇంకా వేడిగానే ఉంది. ఉండమని చెప్పడానికి గానీ రమ్మని చెప్పడానికి గానీ, లోపల ఇప్పుడు ఎవరూ లేరు.